గౌరవ రక్తదాత చుక్కమ్మగారు

సంచి నేనే సర్దాను. మెత్తటి తువ్వాళ్లు రెండు, శాలువాలు రెండు, ప్రశంసాపత్రం నలగకుండా అట్టల మధ్య, నానబెట్టిన ఉలవలు రెండు డబ్బాల్లో, నీళ్లు తాగడానికి స్టీలు గిన్నెలు రెండు, కడుపు ఉబ్బరిస్తే వాము. అన్నిటికంటే పైన, తీసి వెంటనే మెడలో వేయడానికి వీలుగా, పతకం.

ఎవరు ఊరికి బయలుదేరినా నేను అన్నీ రెండేసి పెడతాను. నేను సర్దిన సంచుల్లో కొన్ని తిరిగి రాలేదు. కొన్ని వచ్చాయి గాని పట్టుకెళ్లినవాళ్లు రాలేదు. అప్పటినుంచి సంచి సర్దమంటే ఒక పట్టాన తెమలను. ముడి వేస్తాను, విప్పుతాను, ఏదో మరిచానని మళ్లీ తడుముతాను.

"లేపాక్షమ్మగారూ, ఆలస్యమవుతోంది. చుక్కమ్మగారు ఎండలో నిలబడి ఉన్నారు" అన్నారు డైరెక్టరుగారు, గడియారం చూసుకుంటూ.

నిజమే. నిలబడి ఉన్నారు, నాలుగు కాళ్ల మీద.

చుక్కమ్మగారు గొర్రె.

ఈ ముక్క విని నవ్వేవాళ్లకు ముందే చెబుతున్నాను, మా సంస్థలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది.

మా ఊళ్లో పిల్లల ఊపిరితిత్తుల జబ్బుల మీద పరిశోధన చేసే సంస్థ ఒకటి ఉంది. ఎర్రనేల మీద తెల్ల భవనం, ముందు పచ్చిక, పచ్చికలో 'నడవరాదు' అన్న బోర్డు. అక్కడ జరిగే పనులు ధర్మంగా జరుగుతున్నాయా లేదా అని చూడటానికి నీతి సంఘం అని ఒకటుంటుంది. అందులో డాక్టర్లూ వకీళ్లూ కాక ఏమీ తెలియని మనిషి ఒకరు కూడా తప్పనిసరిగా ఉండాలని నిబంధన. వాళ్లను సామాన్య సభ్యులు అంటారు. బడి ముఖం చూడకుండా గ్రంథాలయంలో కూర్చుని చదవడం నేర్చుకున్నదాన్ని కాబట్టి, చదువు లేకుండా సంతకం చేయగలిగిన మనిషిగా నేను వాళ్లకు సరిపోయాను.

నేను వెళ్లిన మొదటి సమావేశంలో నాకు అర్థమయ్యేట్టు మాట్లాడింది డాక్టరు నస్రీన్ ఒక్కతే. కడప పిల్ల. ఆమె పని న్యుమోకాకస్ అనే క్రిమి మీద. పిల్లలకు న్యుమోనియా తెచ్చేవాటిలో అది పెద్ద దొంగ.

"అవ్వా, ఈ క్రిమికి పైన ఒక కప్పుడు ఉంటాది. శాలువా అనుకో" అంది. "అట్లాంటి శాలువాలు నూరు రకాలుండాయి. ఇప్పుడు పిల్లలకేసే టీకా వాటిల్లో కొన్నిటిని గుర్తు పట్టడం నేర్పుతుంది. ఆ శాలువా కనపడిందంటే ఒళ్లు వాణ్ణి పట్టేసుకుంటుంది. వాడు తెలియని శాలువా కప్పుకొని వచ్చినాడనుకో, ఎవురో పెద్దమనిషి అనుకొని దారి ఇడుస్తుంది."

"మరి నువ్వేం చేస్తావు తల్లీ?"

"నేను శాలువా కింద చూస్తా. ఏ శాలువా కప్పుకున్నా లోపల మారని ప్రోటీన్లు కొన్నుంటాయి. మన పిల్లల్లో దొరికే క్రిములన్నిట్లో తప్పకుండా ఉండే ప్రోటీన్ ఏదో తేల్చల్ల. తేలితే దానిమీద ఒక్క టీకా చేస్తే చాలు. ఏ వేషంలో వచ్చినా చిక్కుతాడు."

శాలువా కప్పుకున్నవాళ్లను లోపల ఏముందని అడగడం మనవైపు అంత తేలిక పని కాదని ఆ పిల్లకు అప్పటికి తెలియదు.

క్రిములను పరీక్షించాలంటే ముందు పెంచాలి. ఈ క్రిమికి నాలుక రుచి ఎక్కువ. గాజు పళ్లెంలో గొర్రె నెత్తురు కలిపి పెడితేనే పెరుగుతుంది, లేదంటే ముడుచుకుని చచ్చిపోతుంది. అందుకని సంస్థవాళ్లు కురుబ వీధిలో బీరప్ప దగ్గర ఒక గొర్రెను కొన్నారు. గొర్రెతో పాటు బీరప్పనూ కాపలాకు పెట్టుకున్నారు. నుదుట తెల్లమచ్చ ఉంది కాబట్టి దాని పేరు సుక్క. నస్రీన్ అప్పుడప్పుడు దాని మెడ దగ్గర సూదితో కాస్త నెత్తురు తీసుకునేది. సూది తీయగానే అది 'నడవరాదు' బోర్డు దాటి పచ్చికలోకి పోయి మేసుకునేది. దాని ఆరోగ్యం మా అందరికంటే బాగుండేది.

బీరప్ప మనుమరాలు తన్మయికి మూడేళ్లు. కోడలు హనుమక్క కూలికి పోయేటప్పుడు పిల్లను తాత దగ్గర వదిలి వెళ్లేది. పిల్ల రోజంతా సుక్క మెడ పట్టుకుని వేలాడేది. తన జడ రిబ్బను దాని చెవికి కట్టేది.

"అవ్వా, సుక్కకు సూదేస్తే ఏడ్చదు" అంది ఒకసారి నాతో, గొప్ప రహస్యం చెబుతున్నట్టు.

"మరి నువ్వో?"

"నేను ఏడుస్తా. నాకు మూడు టీకాలేసినారు. ముగ్గుర్నీ కొరికినా."

అన్నీ సవ్యంగా ఉన్న ఆ రోజుల్లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఆ ఏడాదిని రక్తదాతల గౌరవ సంవత్సరంగా ప్రకటించారు. ప్రతి సంస్థ తన దాతలను ఘనంగా సన్మానించాలి. ఎందరిని సన్మానించిందీ పైకి తెలపాలి. బాగా చేసిన సంస్థకు అవార్డు. డైరెక్టరు డాక్టర్ కీర్తిసాగర్‌గారికి అవార్డు అన్న మాట చెవిన పడితే కళ్లు తడుస్తాయి.

"ఈ మహత్తర దాతృత్వ స్ఫూర్తిని మనం అందిపుచ్చుకోవలసి ఉన్నది" అన్నారాయన సమావేశంలో. "మన సంస్థలో రక్తం ఇస్తున్నవారి వివరాలు?"

పరిపాలనాధికారి నరహరిగారు లేచారు. "సిబ్బందిలో ఎవరూ ముందుకు వచ్చియుండలేదు సార్. నేను సిద్ధమే గాని, నాకు షుగరు."

"అయితే సున్నా అని పంపమంటారా?"

నస్రీన్ నవ్వుతూ, "సార్, ఈ కాంపౌండులో నెత్తురిచ్చేది సుక్క ఒక్కతే" అంది.

ఆమె వేళాకోళానికి అంది. డైరెక్టరుగారు ముందుకు వంగారు. నవ్వుతూ అన్న మాటను నవ్వకుండా వినడం తెలిసినవాళ్లే పెద్ద కుర్చీల్లోకి ఎక్కుతారు.

"క్రమం తప్పకుండా ఇస్తున్నారా?" అని అడిగారు.

"ఎవరు సార్?"

"దాత."

మరుసటి వారం సభ జరిగింది. ఆహ్వానపత్రంలో 'చుక్కమ్మ' అని అచ్చువేశారు. సుక్క అంటే మర్యాదగా లేదని నరహరిగారు సవరించారు. గొర్రెకు మైసూరు పేటా చుట్టారు, పూలదండ వేశారు, నడుము మీదుగా ఉన్ని శాలువా కప్పారు. పూలదండను దాతగారు అక్కడికక్కడే తినేశారు. నిరాడంబరత అంటే అదని డైరెక్టరుగారు ప్రసంగంలో మెచ్చుకున్నారు.

బీరప్ప మాత్రం తల గోక్కున్నాడు. "ఏం సారూ, ఎండలు ముదురుతాండాయి. ఈ కాలంలో మేము దాని ఉన్ని కత్తిరిస్తాం. మీరేమో ఎవురిదో ఉన్ని తెచ్చి దానికి కప్పుతాండారు."

"బీరప్పా, అది ఉన్ని కాదు. గౌరవం."

"గౌరవానికి పేలు పడతాయి సారూ."

గౌరవం తీయకూడదని ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. ఆవరణలో ఉన్నంతసేపూ దాతగారు పేటాతో, శాలువాతోనే ఉండాలి. ఎవరైనా తొలగిస్తే సన్మానాన్ని ఉపసంహరించినట్టు భావించబడును.

అంతవరకే అయితే గొర్రెకు ఉక్కపోత, మాకు వినోదం, అంతే. కాని దాత అన్నాక దాతకు వర్తించే నియమాలన్నీ వర్తిస్తాయి కదా. తరువాతి సమావేశంలో నరహరిగారు ఆ సంగతి బయటికి తీశారు.

"దాత అంగీకారం లేకుండా రక్తం తీయుట నేరము. చుక్కమ్మగారి అంగీకారం ఇంతవరకు తీసుకొనబడలేదు. అంటే గతంలో తీసినదంతా..." అని నస్రీన్ వైపు చూసి, మర్యాదకు ఆగారు.

"సార్, అది గొర్రె" అంది నస్రీన్.

"నిన్నటి వరకు" అన్నారు డైరెక్టరుగారు.

అంగీకారం ఎలా తీసుకోవాలన్న దానిమీద మధ్యాహ్నం దాకా చర్చ జరిగింది. డెక్కముద్ర వేయిద్దామని ఒకరన్నారు. బలవంతంగా వేయించారని రేపు కోర్టులో అంటే ఎలా అని వకీలుగారన్నారు. మౌనం అర్ధాంగీకారం కాబట్టి సగం రక్తం తీయవచ్చా అని ఇంకొకరు అడిగారు. చివరికి గొర్రె మనసు తెలిసినవాడని బీరప్పను పిలిపించారు.

"మీ వాళ్లలో గొర్రె ఒప్పుకున్నదీ లేనిదీ తెలుసుకునే పద్ధతి ఏదైనా కలదా?"

"ఉండాది సామీ. జాతరలో దేవరకిచ్చే ముందర పసుపునీళ్లు పోస్తాం. ఒళ్లు ఇదిలించిందంటే ఒప్పుకున్యట్ల."

"విదిలించకపోతే?"

"ఇదిలిస్తాది. నీళ్లు పడితే ఏ జీవమైనా ఇదిలిస్తాది సామీ" అన్నాడు బీరప్ప, ఇంత చిన్న సంగతి ఈ పెద్దలకు ఎందుకు తెలియదా అన్నట్టు.

డైరెక్టరుగారికి నిజంగానే కళ్లు తడిశాయి. "చూశారా! పాశ్చాత్యులు సంతకాల దగ్గరే ఆగిపోయారు. మన మట్టిలో ప్రతి జీవి అంగీకారానికీ ఒక శాస్త్రం ఉంది." పసుపు బదులు శుద్ధిచేసిన నీళ్లు వాడాలని, ఆ పైన పద్ధతి శాస్త్రీయమవుతుందని తీర్మానించారు. దేవరకు బలి ఇచ్చే జీవాన్ని అడిగే ప్రశ్న, సూదిమొన పాటి నెత్తురు ఇచ్చే జీవాన్ని అడగవచ్చునా అని నాకు సందేహం వచ్చింది. సామాన్య సభ్యులు సందేహాలు చివర్లో అడగాలి. చివరికి వచ్చేసరికి టీ వచ్చింది.

మరునాడు నీళ్లు పోశారు. డైరెక్టరుగారు స్వయంగా రాగిచెంబుతో పోశారు. నీళ్లు శాలువా మీద పడి, అంచులనుంచి జారి నేలపాలయ్యాయి. కింద ఒంటికి చెమ్మ కూడా తగల్లేదు. సుక్క నెమరు వేస్తూ నిలబడింది.

"అంగీకరించలేదు" అని రాసుకున్నారు నరహరిగారు.

"సారూ, శాలువా తీసి పొయ్యండి."

"శాలువా తీయుటకు వీలులేదు బీరప్పా. పై అనుమతి కావాలి."

"తలకాయ మింద పొయ్యండి."

"పేటా ఉంది."

"కాళ్ల మింద?"

"పాదప్రక్షాళన వేరు, అంగీకారం వేరు."

నస్రీన్ నా పక్కన నిలబడి ఉంది. జారిపోతున్న నీళ్లనే చూస్తోంది. "అవ్వా, నేను మొదటిరోజు నీకు చెప్పింది ఇదే" అంది మెల్లగా.

ఆ రోజునుంచి ప్రతి సోమవారం నీళ్లు పోయడం, సుక్క నిలబడటం, నరహరిగారు రాసుకోవడం. నస్రీన్ దగ్గరున్న నెత్తురు పళ్లేలు అయిపోయాయి. బయటినుంచి కొనమని అడిగింది. ఇంట్లో గౌరవ దాతను పెట్టుకుని బయటి రక్తం కొనడం దాతగారికి అవమానమన్నారు. బీరప్ప మందలో వేరే గొర్రెను తెస్తానంటే, సన్మానం జరగని జీవి రక్తం సంస్థలోకి రాకూడదన్నారు. చివరికి పళ్లేల్లో నెత్తురు కలపకుండానే పరీక్షలు చేయమని ఉత్తర్వు ఇచ్చారు.

"సార్, నెత్తురు లేకపోతే క్రిమి పెరగదు" అంది నస్రీన్.

"క్రిమి పెరగకపోవడమే కదమ్మా మన ధ్యేయం?"

ఆమె ఉత్త పళ్లేలు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆసుపత్రి నుంచి జ్వరాల పిల్లల నమూనాలు వస్తూనే ఉన్నాయి. ఉత్త పళ్లేల్లో వేస్తూనే ఉన్నారు. ఏమీ మొలవలేదు. ప్రతిదానికీ 'క్రిమి లేదు' అని నివేదిక వెళ్లింది. కొన్నాళ్లకు నివేదికలన్నీ ముందర పరుచుకుని డైరెక్టరుగారు ఒక్కొక్కటీ లెక్కపెట్టారట. మా ప్రాంతం న్యుమోకాకస్ లేని ప్రాంతమైందని ప్రకటించారు. బడిపిల్లలతో ఊరేగింపు తీశారు. ముందు చుక్కమ్మగారు, వెనక బ్యాండు, ఆ వెనక దగ్గుతూ పిల్లలు.

"దీపం ఆర్పేసి దొంగలు లేరన్నట్టుంది సార్" అంది నస్రీన్.

"మీరు విజయాన్ని ఓర్చుకోలేకపోతున్నారు నస్రీన్‌గారూ. క్రిమే లేనప్పుడు దాని ప్రోటీన్‌తో మనకేం పని? మీ పరిశోధనను గౌరవప్రదంగా ముగిస్తున్నాం. శాలువా తెప్పించాం."

ఆమె శాలువా పుచ్చుకోలేదు. దానికి సంజాయిషీ అడిగారు.

విజయం ఊరికే కూర్చోనివ్వదు. ఆసుపత్రికి ఇంకో ఉత్తర్వు వెళ్లింది. క్రిమి లేదని నివేదిక వచ్చిన పిల్లలకు క్రిములను చంపే ఇంజక్షన్లు ఇవ్వడం దుబారా. నివేదిక అందగానే ఆపివేయవలెను. ఆ ఉత్తర్వు నీతి సంఘానికి రాలేదు. గొర్రె నీతి ఒక్కటే మా పరిధిలో ఉంది.

ఎండలు తగ్గి ఆషాఢం గాలులు మొదలైనప్పుడు అవార్డు వచ్చింది. రాష్ట్రంలో ఉత్తమ దాతగా చుక్కమ్మగారు ఎంపికయ్యారు. పెద్ద నగరంలో మంగళవారం సభ. సోమవారం పొద్దున సంస్థ జీపులో ప్రయాణం. డైరెక్టరుగారు, నరహరిగారు, దాతగారు, దాతగారి సహాయకుడిగా బీరప్ప. దాతగారు స్త్రీ కాబట్టి సామాన్లు సర్దడానికి నన్ను పిలిచారు.

దానికి ముందు శుక్రవారం తన్మయికి జ్వరం వచ్చింది. శనివారానికి పక్కటెముకలు లోపలికి లాగుతూ ఎగశ్వాస. ఆసుపత్రిలో చేర్చుకుని ఇంజక్షను మొదలుపెట్టి, నెత్తురు పరీక్షకు మా సంస్థకే పంపారు. ఆదివారం నివేదిక వెళ్లింది. క్రిమి లేదు. ఇంజక్షను ఆపేశారు. తేనెరంగు సిరప్ ఒకటి ఇచ్చారు.

బీరప్ప ఆ సాయంత్రం డైరెక్టరుగారి ఇంటి వాకిట్లో చెప్పులు విడిచి నిలబడ్డాడు. నస్రీనే అతన్ని తీసుకొచ్చింది. నన్ను కూడా రమ్మంది, సామాన్య సభ్యురాలు ఉంటే మాటకు బరువని.

"సారూ, నా పాప. నస్రీనమ్మ చెప్తాంది, సుక్క నెత్తురు రవ్వంత ఉంటే ఆ పళ్లెంలో దొంగ ఎవుడో తెలుస్తాదంట, ఏ మందుకు చస్తాడో తెలుస్తాదంట. నేనే పట్టుకుంటా సారూ, అది నా చేతుల్లో పెరిగింది. ఏమీ అనదు."

"బీరప్పా, నీ బాధ నాకు అర్థమవుతుంది. నేనూ తండ్రినే" అన్నారు డైరెక్టరుగారు. "కాని రేపు అవార్డు తీసుకోబోయే దాత. అంగీకారం లేకుండా సూది గుచ్చామని తెలిస్తే? మెడ మీద మచ్చ కనిపిస్తే? పైగా పాపకు క్రిమి లేదని నివేదిక స్పష్టంగా ఉంది. నువ్వు అదృష్టవంతుడివి."

నేను సందేహం చివరిదాకా దాచుకోలేదు. "బాబూ, క్రిమి లేకపోతే పిల్ల ఎందుకు అట్లా ఎగపోస్తోంది?" అని అడిగాను.

"అది వైద్యపరమైన ప్రశ్న లేపాక్షమ్మగారూ. మీరు సామాన్య సభ్యులు."

నస్రీన్ నేరుగా కురుబ వీధికి పోయి, ఏ శాలువా లేని ఒక గొర్రెను బీరప్ప పట్టుకోగా నెత్తురు తీసి, పళ్లేలు తయారుచేసింది. పాప నెత్తురు తనే మళ్లీ తెచ్చి వాటిలో వేసింది. క్రిమి తెలియడానికి ఒక రోజు పడుతుంది, మందు తేలడానికి ఇంకొకటి.

ఇదీ సంచికి ముందు జరిగింది.

సోమవారం పొద్దున నేను సంచి ముడి రెండోసారి విప్పి చూసుకుంటుండగా, హనుమక్క పిల్లను భుజాన వేసుకుని గేటులోంచి పరుగెత్తుకొచ్చింది. ఇక్కడ లాభం లేదు, నగరంలో పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారట.

"మామా, జీపు ఆ ఊరికే కదా పోయేది. కూసుంటాం మామా, కాళ్ల కాడ కూసుంటాం" అంది బీరప్పతో.

బీరప్ప జీపు తలుపు తెరిచాడు. డైరెక్టరుగారు మధ్యలోకి వచ్చారు.

"వీలుకాదమ్మా. దాత ప్రయాణించే వాహనంలో రోగి ఉండకూడదు. అంటువ్యాధి భద్రత."

"సార్, క్రిమి లేదని మీరే సంతకం పెట్టినారు కదా?" అంది నస్రీన్. "మరి అంటుకునేది ఏంది?"

డైరెక్టరుగారు కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"క్రిమి లేదు" అన్నారు. "కాని జాగ్రత్త ఉంది."

జీపులో వెనక సీటు మీద పచ్చగడ్డి పరిచి ఉంది. సుక్క అప్పటికే ఎక్కింది. పిల్ల కళ్లు సగం తెరిచి దాన్ని చూసింది. "సుక్కా" అనబోయింది. శ్వాస చాల్లేదు.

బీరప్ప తాడు తెచ్చి నరహరిగారి చేతిలో పెట్టాడు.

"ఇదేమిటయ్యా? నువ్వు రాకపోతే దాతగారిని వేదిక ఎక్కించేదెవరు? ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నావా?"

"గొర్రె మీది సారూ. పాప నాది."

బస్సుకు పోవాలి. హనుమక్క చేతిలో ఏమీ లేదు, మారుబట్ట కూడా లేదు. నేను సుక్క సంచి విప్పి, రెండేసి ఉన్నవాటిలో ఒక్కొక్కటి తీశాను. తువ్వాలు, గిన్నె, వాము. వేరే సంచి దొరక్క నా చేతిసంచి దులిపి అందులో వేశాను. మారు శాలువా విప్పి పిల్లకు చుట్టాను. ఒళ్లు కాలిపోతోంది.

"లేపాక్షమ్మగారూ" అన్నారు నరహరిగారు ఇబ్బందిగా. "ఆ శాలువా దాతలకు ఉద్దేశింపబడినది."

నేను ఆయన్ను చూశాను. ఆయన తాడును చూసుకున్నారు.

"అవ్వా, మళ్లీ తెచ్చిస్తాం" అంది హనుమక్క, సంచి అందుకుంటూ.

"సంచి ఎవరడిగారే. పిల్లను తీసుకురా" అన్నాను. అనకూడని మాటలా నా చెవికే వినిపించింది.

జీపు ముందు వెళ్లింది. వాళ్లు బస్టాండు వైపు నడిచారు.

మంగళవారం సభలో జరిగింది నరహరిగారు తరువాత నీతి సంఘానికి నివేదించారు. వేదిక మీద అతిథులకు పన్నీరు చల్లారట. చుక్కమ్మగారి ముక్కు మీద, కళ్ల మీద పడిందట. దాతగారు తల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించారు. పేటా ఎగిరి ముఖ్య అతిథి ఒళ్లో పడింది, శాలువా జారి కింద పడింది. సభంతా చప్పట్లు. నరహరిగారు అక్కడికక్కడే రాసుకున్నారు: 'అంగీకారం తెలియజేయబడినది. ఒక్క పర్యాయానికి చెల్లును.'

ఆ మంగళవారం పొద్దునే నస్రీన్ పళ్లెంలో క్రిమి మొలిచింది. చుట్టూ ఆకుపచ్చ మసక, మధ్యలో చిన్న చిన్న మచ్చలు. నాకు చూపించింది. టీకాలో లేని శాలువా కప్పుకున్న రకమని, శాలువా కింద మాత్రం తాను వెతుకుతున్న ప్రోటీనే ఉందని తరువాత తేల్చింది. ఏ మందుకు చస్తుందో బుధవారం మధ్యాహ్నం తెలిసింది. మా ఆసుపత్రిలో ఆపేసిన ఇంజక్షనే. ఆమె పెద్దాసుపత్రికి ఫోను చేసి పాప పేరు చెప్పింది. అవతలివాళ్లు ఏదో చెప్పారు. ఆమె విని ఫోను పెట్టేసింది.

చుక్కమ్మగారు గురువారం మేళతాళాలతో తిరిగి వచ్చారు. గేటు దగ్గర హారతి ఇచ్చారు. అంగీకారం చెల్లుబాటులో ఉంది కాబట్టి ఆ మధ్యాహ్నమే నెత్తురు తీసుకోమని డైరెక్టరుగారు నస్రీన్‌కు స్వయంగా అనుమతి రాసిచ్చారు.

బీరప్ప, హనుమక్క శుక్రవారం బస్సుకు వచ్చారు. హనుమక్క సంచి తెచ్చి నాకిచ్చింది. తువ్వాలు, గిన్నె, వాము. శాలువా ఉతికి మడతపెట్టి ఉంది.

తన్మయి రాలేదు. బుధవారం తెల్లవారుజామున పెద్దాసుపత్రిలో చనిపోయింది.